నాలుగో కిటికీ

వూచ్ నగరపు ఉపాధి కార్యాలయంలో నాలుగో కిటికీ నాది.
మా ఊరి పేరుకి పడవ అని అర్థం.
నదుల్ని ఎప్పుడో గొట్టాల్లో పెట్టి వీధుల కింద పాతేశారు.
పడవ మాత్రం పేరులో మిగిలింది.

పదకొండేళ్లుగా ఒకటే ప్రశ్న:
"మీకేం వచ్చు?"
జవాబుని గడిలో పట్టేట్టు కత్తిరించడం నా ఉద్యోగం.
ప్రతి పనికీ ఆరంకెల సంఖ్య ఉంటుంది.
రొట్టెలు కాల్చడానికి ఒకటి, కట్టుడుపళ్లు చేయడానికి ఒకటి,
శవాలకి స్నానం చేయించడానికీ ఒకటుంది.
సాయంత్రం ట్రామెక్కితే
అదే ప్రశ్న నన్నెవరైనా అడుగుతారేమోనని
బ్యాగు ఒళ్లో పెట్టుకుని తల దించుకునేదాన్ని.

ఫిబ్రవరిలో, మంచంతా బురదైన ఒక మంగళవారం
బోగుమిల్ వ్జోసెక్ వచ్చాడు. యాభై ఎనిమిదేళ్లు.
టోపీ తీసి, పిల్లిని నిమిరినట్టు నిమురుతూ కూచున్నాడు.
మూతపడ్డ మిల్లులో మరమగ్గాలు బాగుచేసేవాడట.
మిల్లు ఇప్పుడు హోటలు.
ఆయన షెడ్డు ఉన్నచోట ఈతకొలను.

"మీకేం వచ్చు?"

చాలాసేపు చూరు నుంచి కారుతున్న నీళ్లకేసి చూశాడు.
"నలభై మగ్గాలు ఒక్కసారి ఆడుతుంటే
దేనిమీద పోగు తెగుతుందో వినపడేది.
తెగాక ఎవరికైనా తెలుస్తుందమ్మా.
నాకు తెగబోయే ముందు."

తెర మీద కర్సర్ మిణుకుమంటోంది.
వెతికాను. వినడానికి సంఖ్య లేదు.
'ఇతరములు' అని కొట్టాను.
సిగ్గేసి చెరిపేశాను.
మళ్లీ అదే కొట్టాను.

వెళ్తూ వెళ్తూ ఆగాడు,
వరస చీటీలిచ్చే యంత్రం దగ్గర, చెవి ఒగ్గి.
"లోపలి ఫ్యాను బేరింగు పోతోంది.
మూడు వారాలు. ఆపైన ఉండదు."
గార్డు విటోల్డ్ నవ్వాడు. నేనూ నవ్వాను, కొంచెం.

పందొమ్మిదో రోజున యంత్రం ఆగిపోయింది.

చీటీలు లేని జనం నా కిటికీ ముందు ముద్దగా మూగారు.
ఎవర్ని ముందు పిలవాలో చెప్పే అంకె లేదు.
అన్నీ మొహాలే.
ఆ గోలలో, దగ్గుల్లో, తడి బూట్ల కిచకిచల్లో
ఒక ఊపిరి వినపడింది,
లోపలికి వెళ్లి, బయటికి రావడం మరిచిపోయినట్టు.
ఆకుపచ్చ స్కార్ఫు. ఎవర్నీ తోయడం లేదు. ఏమీ అనడం లేదు.
చేతిలో కవరుని మడుస్తోంది, మడత మీద మడత,
ఇక మడవడానికి వీల్లేనంత చిన్నదిగా.

"మీరు రండి."

కూచుంది. పేరు చెప్పబోయి ఏడ్చింది.
నీళ్లిచ్చాను. వెనక ఎవరో విసుక్కున్నారు.
ప్రశ్న అడగలేదు నేను.
చాలాసేపు అడగలేదు.

కవరులో ఏముందో ఇక్కడ చెప్పను.
ఎవరికి ఫారం కంటే ముందు కుర్చీ కావాలో
ఎవరు ఈ వారం గడపలేరో
పదకొండేళ్లుగా బల్ల ఇవతల వింటూనే ఉన్నానని,
జీతపు చీటీలో ఎక్కడా లేని ఆ పనే నాదని,
ఆవిడ గ్లాసు కింద పెట్టినప్పుడు తెలిసింది.

మర్నాడు ట్రామ్ డిపోకి ఫోన్ చేశాను.
"చక్రాలు వినేవాళ్లు మీకు కావాలా?"
అవతల ఫోర్‌మన్ నిశ్శబ్దమైపోయాడు.
పెట్టేశాడనుకున్నాను.
"ఎందుకు," అన్నాడు, "ఎవరైనా మిగిలారా?"

మూడు నెలల ఒప్పందం. జీతం తక్కువే.
బోగుమిల్ కృతజ్ఞతలేమీ చెప్పలేదు,
చలికాలం చివర్లో ఒక సీసాడు పుట్టగొడుగుల ఊరగాయ
గార్డు దగ్గర ఇచ్చి వెళ్లాడు.

ఈ రాత్రి మలుపు దగ్గర ట్రామ్ కీచుమంది.
అది మంచి కీచో చెడ్డ కీచో నాకు తెలీదు,
ఇనుము భాష నాకు రాదు.
ఎదురుసీట్లో ఒక కుర్రాడు
ఆరిపోయిన ఫోన్ వైపు చూస్తూ కూచున్నాడు.
నా స్టాపు వచ్చింది.
దిగలేదు.